నార్త్‌ఫీల్డ్ మిల్లులు: మినియాపొలిస్ మింగేసిందా, రైతులే గోధుమ మానేశారా?

కృష్ణాతీరం:
అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్నవాళ్లకి నార్త్‌ఫీల్డ్ తెలిసే ఉంటుంది. ఆ ఊరి పేరెత్తితే అందరూ చెప్పేది 1876 సెప్టెంబర్ 7 బ్యాంకు దోపిడీ. జెస్సీ జేమ్స్, యంగర్ సోదరుల ముఠా ఊరి మీద పడింది. ఖజానా తెరవనన్నందుకు బ్యాంకు ఉద్యోగి జోసెఫ్ హేవుడ్‌ని కాల్చి చంపారు. ఊరి జనం తుపాకులు తీసి ఇద్దరు దొంగల్ని వీధిలోనే పడేశారు. దానికి ఏటా సెప్టెంబర్‌లో పెద్ద ఉత్సవం. ఊరికి తిండి పెట్టిన గోధుమకీ ఆవులకీ అంత హడావిడి ఎక్కడా కనిపించదు.

1855లో జాన్ నార్త్ వచ్చి కానన్ నదికి ఆనకట్ట కట్టి మిల్లు పెడితే ఊరు పుట్టింది. 1857 ఆర్థిక సంక్షోభంలో పాపం ఆయన దివాలా తీశాడు (తర్వాత కాలిఫోర్నియా వెళ్లి రివర్‌సైడ్ అనే ఇంకో ఊరు కట్టాడు, గట్టి పిండమే). మిల్లు ఏమ్స్ కుటుంబం చేతికి వచ్చింది. పక్కనే డండస్‌లో ఆర్చిబాల్డ్ సోదరుల మిల్లు. ఇలాంటి ఏటి ఒడ్డు మిల్లులన్నిటి పీకా అదే రాష్ట్రంలోని పెద్ద నగరం మినియాపొలిస్ మిల్లులూ రైల్వేలూ కలిసి నొక్కాయని నా అభిప్రాయం. 1880 నుంచి యాభై ఏళ్లు దేశంలో పిండి మిల్లుల్లో మొదటి స్థానం ఆ నగరానిదే. రైతులు గోధుమ వదిలి పాడికి మళ్లడం గతిలేక చేసిన పని. కాదంటారా?

పొలంగట్టు:
కాదనే అంటాను. మిల్లులో కూర్చుని చూస్తే అలాగే కనిపిస్తుంది, చేలోకి దిగి చూడండి. ఏటా అదే నేలలో అదే గోధుమ. 1870ల్లో చించ్ బగ్ అనే పురుగు వచ్చి పైరు రసం పీల్చేసింది. ఇంకోపక్క పడమటి వైపు డకోటాల్లో కొత్త నేలలు సాగులోకి వచ్చి ధర పడిపోయింది. రైతు లెక్క వేసుకుని మొక్కజొన్న, క్లోవర్ గడ్డి, ఆవులు అన్నాడు. గోధుమే రాకపోతే మిల్లు ఏం ఆడిస్తుంది? ఇందులో మినియాపొలిస్ కుట్ర ఏముంది?

మిర్చిబజ్జి:
దోపిడీని అంత తేలిగ్గా తీసేయకండి సార్. ఆ బ్యాంకునే ఎందుకు ఎంచుకున్నారంటే అందులో ఏమ్స్ వాళ్ల డబ్బుందని కోల్ యంగర్ తర్వాత చెప్పుకున్నాడు. అడెల్బర్ట్ ఏమ్స్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో జనరల్, ఆ తర్వాత మిసిసిపీ గవర్నర్. దక్షిణాది వాళ్లకి ఆయనంటే ఒళ్లు మంట. దొంగ మాట ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం గానీ, నమ్మితే ఆ ఉత్సవం కూడా మిల్లు చరిత్రే.

తిరగలి:
పెద్ద నగరం చిన్న ఊరిని మింగింది అనే కథలో ఒక చిక్కుంది. అక్కడ పండేది చలికాలం పోయాక విత్తే గట్టి గోధుమ. దాని పొట్టు పెళుసు, తిరగలి రాళ్ల మధ్య పొడిపొడి అయి పిండిలో కలిసిపోయేది. పిండిలో నల్ల మచ్చలు, ధర తక్కువ. లాక్రోయ్ సోదరులనే ఫ్రెంచ్ మిల్లు పనివాళ్లు దానికి ఉపాయం పట్టుకొచ్చారు. రవ్వలాంటి భాగాన్ని జల్లెడ మీద ఆడిస్తూ కింది నుంచి గాలి కొడితే తేలికైన పొట్టు లేచిపోతుంది, మిగిలింది మళ్లీ ఆడిస్తే తెల్లటి పిండి. వాళ్లు మొదట పనిచేసింది ఎక్కడనుకున్నారు? నార్త్‌ఫీల్డ్‌కి దక్షిణాన అదే కానన్ నది మీదున్న ఫారిబోలో! 1870 ప్రాంతంలో వాష్‌బర్న్ మిల్లు వాళ్లని మినియాపొలిస్ తీసుకుపోయింది. అంటే చిన్న ఊళ్లను ఓడించిన యంత్రం చిన్న ఊళ్ల నుంచే వెళ్లింది. మినియాపొలిస్‌లోని సెయింట్ ఆంథోనీ జలపాతం బలం ముందు కానన్ నది ఎంత?

కృష్ణాతీరం:
@పొలంగట్టు, పురుగు నిజమే. మరి ఇత్తడి గిన్నె సంగతో? గోధుమ కొనేటప్పుడు చిన్న ఇత్తడి గిన్నెలో పోసి తూచి గ్రేడు కట్టేవాళ్లు. మెల్లగా పోస్తే ఒక తూకం, దబ్బున పోస్తే ఇంకో తూకం. మినియాపొలిస్ మిల్లర్లు సంఘం కట్టి ఒక్కమాట మీద కొంటుంటే రైతు ఎవరికి చెప్పుకోవాలి? 1878 అమెరికా కాంగ్రెస్ ఎన్నికలో రైతుల పక్షాన నిలిచిన ఇగ్నేషియస్ డొనెల్లీ ఆ గిన్నె మీదే ప్రచారం చేశాడు. ఆయన పోటీ చేసింది ఎవరి మీదో తెలుసా, విలియం వాష్‌బర్న్ మీద. మిల్లుల కుటుంబం. ఓడిపోయాడనుకోండి. ధర పడిందంటున్నారు, గ్రేడు కట్టింది ఎవరో కూడా చూడాలి కదా.

సీతాలు:
మీ అందరి చర్చలో ఆవు పాలు పితికిన మనిషి ఎక్కడా లేదు. గోధుమకి విత్తడం, కోత, నూర్పిడి, తర్వాత చలికాలం కాస్త ఊపిరి. ఆవులకి రోజుకి రెండు పూటలు, మైనస్ ముప్పైలో కూడా. పైగా ఇంట్లో వెన్న చిలికి ఊళ్లో అమ్ముకున్న డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉండేది. క్రీమరీలు (ఊరి పాలన్నీ పోగుచేసి వెన్న తీసే కేంద్రాలు) వచ్చాక కవ్వం పని తప్పింది, నిజమే. చెక్కు మాత్రం మగాయన పేరున రావడం మొదలైంది. దీన్ని అభివృద్ధి అంటారో గతిలేనితనం అంటారో మీరే తేల్చండి.

కానీ ఇత్తడి గిన్నె మాటెత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. 1890లో విస్కాన్సిన్‌లో స్టీఫెన్ బాబ్‌కాక్ పాల పరీక్ష కనిపెట్టాడు. సన్న మెడ సీసాలో పాలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి గిరగిరా తిప్పితే వెన్న మెడలోకి తేలుతుంది, గీతలు చూసి శాతం చెప్పేయొచ్చు. నీళ్లు కలిపినవాడికి లాభం లేదు. మన పాలకేంద్రాల్లో వెన్న శాతం చూసి డబ్బులిచ్చే పద్ధతికి మూలం అదే. ఆయన దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. అదే ఏడాది మన మిన్నెసోటా క్లార్క్స్ గ్రోవ్‌లో డేనిష్ రైతులు సహకార క్రీమరీ పెట్టారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ హేకర్ దాన్ని చూసి ఊరూరా తిరిగి అలాంటివి పెట్టించాడు. గోధుమ తూచే గిన్నె కొనేవాడి చేతిలో ఉండేది, ఈ సీసా రైతుల సంఘం చేతిలో ఉంది. పాడికి మళ్లడాన్ని ఉత్త ఓటమి అని నేను అననిది అందుకే.

మిర్చిబజ్జి:
ఏమ్స్ మిల్లు చావలేదు కదండీ! 1927లో మాల్ట్ ఓ మీల్ అనే పొద్దుటి తిండి తయారుచేసేవాళ్లు కొన్నారు. మాల్ట్ కలిపిన గోధుమ రవ్వే అది. పోపు పెట్టకుండా తింటారు, వాళ్ల ఖర్మ.

పొలంగట్టు:
భవనం మిగిలింది, ఒప్పుకుంటాను. డండస్‌లో అదీ లేదు, మొండిగోడలే. కానీ పక్క చేలో పండింది ఆడించే మిల్లు వేరు, బయటి గోధుమ తెచ్చి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వేరు. ఇక @సీతాలు గారూ, వెన్న దాకా మీ మాట సరే. పచ్చిపాలు నిలవ ఉండవు, జంట నగరాల (మినియాపొలిస్, సెయింట్ పాల్) డీలర్లు చెప్పిందే రేటు. అందుకే ట్విన్ సిటీ మిల్క్ ప్రొడ్యూసర్స్ అసోసియేషన్ అనే పాల రైతుల సంఘం పుట్టింది. దానికి అధ్యక్షుడిగా చేసిన షిల్లింగ్ నార్త్‌ఫీల్డ్ రైతే, 1929లో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ బోర్డు (ఫెడరల్ ఫార్మ్ బోర్డు) దాకా వెళ్లాడు. సీసా చేతిలో ఉన్నా బేరం నగరంతోనే చేయాల్సి వచ్చింది. దీనికేమంటారు?