అప్‌డేట్: కజాన్‌లో రష్యన్ల ఇంటికి భోజనానికి వెళ్లొచ్చా

కజాన్‌లో మెడిసిన్ చదివే మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నా, వాడి ఫ్రెండ్ వాళ్లింట్లో భోజనానికి పిలిచారు, ఏం పట్టుకెళ్లాలి, శాకాహారిని ఏం తినాలి అని అడిగాను కదా, వెళ్లొచ్చాను.

పూలు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య అంత్యక్రియలకి అని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్. పెద్దాయన గుమ్మం బయట చెయ్యి కలపలేదు, లోపలికి రానిచ్చాకే కలిపారు. బూట్లు విడవడం మనకు అలవాటే గానీ, ఇంట్లో వేసుకోడానికి వేరే స్లిప్పర్లు ఇస్తారు, వద్దనకండి.

ఇక తిండి. మాంసం తినను అని తమ్ముడు ముందే చెప్పి ఉంచాడు కాబట్టి టెన్షన్ లేకుండా గడిచింది, గ్రెచ్కా (అన్నంలా ఉడికించిన బక్‌వీట్ గింజలు), పుట్టగొడుగులు, ఊరబెట్టిన దోసకాయలు, మీగడతో బ్లినీ (పల్చటి అట్లు), ఆపైన టీతో తేనె కలిపిన చక్‌చక్ (ఇది అక్కడి స్థానికులైన తాతార్ల మిఠాయి, కజాన్ వెళ్తే వదలొద్దు). బీట్‌రూట్ సూప్ చూడ్డానికి కూరగాయలదిలా ఉంటుంది గానీ, చాలా ఇళ్లలో మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు, అడిగి తాగండి. ప్లేటు ఖాళీ అయితే మా అమ్మమ్మ లాగే మళ్లీ వడ్డించేస్తారు! వోడ్కా వద్దంటే బలవంతం చేయలేదు, టోస్ట్‌కి జ్యూస్ గ్లాసు ఎత్తాను.

డబ్బు సంగతి మాత్రం సీరియస్‌గా తీసుకోండి. 2022 నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్‌లు అక్కడ పనిచేయవు, నలగని డాలర్ నోట్లు పట్టుకెళ్లి బ్యాంకులో మార్చుకోండి. రిజిస్ట్రేషన్ (విదేశీయులు ఎక్కడ దిగారో అధికారుల దగ్గర నమోదు చేయడం) హోటల్ వాళ్లే చేస్తారు, ఎవరింట్లోనైనా దిగితే వాళ్లు చేయించాలి, ముందే అడిగేయండి.