హైదరాబాద్‌కు పెద్ద రోలర్ కోస్టర్ ముందా, కొత్త ఊళ్ళలో పార్కులు ముందా?

ఓఆర్ఆర్_పక్కనోడు

మాది తుక్కుగూడ. సెలవు రోజు సాయంత్రం మేడ మీద కూర్చుంటే రావిర్యాల వైపు నుంచి జనం కేకలు వినిపిస్తున్నట్టే ఉంటుంది నాకు. అంత దూరం వినపడవు, నీ చెవులకే పిచ్చి అంటుంది మా ఆవిడ.

విషయానికొస్తా. వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కును మన రావిర్యాలలో 2016 ఏప్రిల్‌లో తెరిచారు. దాదాపు 50 ఎకరాలు, 250 కోట్ల ఖర్చు. అప్పుడు పెట్టిన రీకాయిలే ఇప్పటికీ మనకు పెద్ద కోస్టర్. ఆ తర్వాత 2024లో భువనేశ్వర్‌లో పార్కు, 2025 డిసెంబరులో చెన్నైలో పార్కు. చెన్నైలో ఏం పెట్టారో తెలుసుగా? స్విట్జర్లాండ్ వాళ్ళ బీ అండ్ ఎం కంపెనీ కోస్టర్, పేరు తంజోరా. రైలు పట్టా మన తలపైన ఉంటుంది, మనం కింద వేలాడతాం, కాళ్ళు గాల్లో. పదేళ్ళు టికెట్లు కొన్నది మనం, ఊగేది వాళ్ళు.

కంపెనీ చేతిలో డబ్బుంటే ముందు పాత పార్కులో ఒక మంచి కోస్టర్ పెట్టాలా, కొత్త ఊరికి పోవాలా? నా ఓటు మొదటిదానికి. మీరేమంటారు?

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్

తమ్ముడూ, బాధ అర్థమైంది కానీ లెక్క తప్పు. చెన్నై పార్కు నిన్న పుట్టిన ఆలోచన కాదు. స్థలం ఎప్పుడో కొన్నారు, అక్కడి వినోదపు పన్ను చిక్కు విడేదాకా ఆగారు. పైగా ఆ ఊళ్ళో ఎంజీఎం, వీజీపీ పార్కులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి మధ్యకు కొత్తగా వెళ్ళేవాడు చేతులూపుకుంటూ వెళ్తాడా? ఏదో ఒక పెద్ద వస్తువు చూపించాలి. మన దగ్గర ఆ పోటీ ఏది? రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, కానీ అక్కడికి జనం వేరే పనికి వెళ్తారు.

ఇక డబ్బు. 2024 డిసెంబరులో పెద్ద మదుపుదార్ల దగ్గర 540 కోట్లు తీసుకున్నారు. ఆ డబ్బు ఇచ్చినవాళ్ళు ఎదుగుదల చూపించమంటారు, తుక్కుగూడలో మేడ మీద కూర్చున్నవాడి ముచ్చట తీర్చమనరు (నవ్వుకో).

ఊహకు ఒక పెద్ద కోస్టర్ 80 కోట్లనుకో. వడ్డీ, తరుగుదల, మెయింటెనెన్స్ కలిపి ఏడాదికి 15 శాతం వేసుకుంటే 12 కోట్లు. ఒక మనిషి వస్తే 18 శాతం జీఎస్టీ, మిగతా ఖర్చులు పోగా 800 మిగిలిందనుకుందాం. అంటే ఏటా లక్షన్నర మంది అదనంగా రావాలి. ఎలాగూ వచ్చేవాళ్ళు కాదు, కేవలం ఆ కోస్టర్ కోసమే వచ్చేవాళ్ళు. మొదటి ఏడాది వస్తారేమో. నాలుగో ఏడాది?

కొత్త ఊళ్ళో అయితే గేటు దాటే ప్రతివాడూ కొత్తవాడే.

కూకట్‌పల్లి_కుర్రోడు

లెక్కలు సరే బాబాయ్, మరి థ్రిల్? అమెరికాలో కింగ్డా కా అనే కోస్టర్ ఎత్తు 139 మీటర్లు. మనకు అందులో సగమైనా వద్దా?

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్

దాన్ని 2024లో మూసి, 2025లో కూల్చేశారు నాయనా. మంచి ఉదాహరణే ఎంచుకున్నావు.

అసలు ఉదాహరణ నేను చెప్తా. ముంబై-పుణె దారిలో ఖోపోలీ దగ్గర ఇమాజికా పార్కు, 2013లో తెరిచారు. అందులో నైట్రో అనే కోస్టర్ కూడా ఆ బీ అండ్ ఎం వాళ్ళదే. ఎక్కినవాడెవడూ బాగాలేదనలేదు. కానీ పార్కును అప్పు మీద కట్టారు, అనుకున్నంత జనం రాలేదు, బాకీ వెయ్యి కోట్లు దాటింది, చివరికి 2022లో మల్పానీ గ్రూపు చేతికి పోయింది. అప్పు చేసి పప్పుకూడు అంటే అదే. కోస్టర్లకు పేరున్న అమెరికా పార్కుల కంపెనీ సిక్స్ ఫ్లాగ్సే 2009లో దివాలా కోర్టుకు ఎక్కింది. వాళ్ళ దగ్గర కోస్టర్లు తక్కువయ్యా?

ఓఆర్ఆర్_పక్కనోడు

అప్పు చేసి కట్టమని నేనెక్కడన్నా? చేతిలో ఉన్న డబ్బు గురించే అడిగా. ఇమాజికాను ముంచింది నైట్రో కాదు, వడ్డీ. రెండూ కలిపి చూపిస్తే ఎలా బాబాయ్?

రిటైర్డ్_ఫిట్టర్

ఇద్దరూ ఎత్తు, డబ్బు చుట్టూ తిరుగుతున్నారు. నేను బాలానగర్ షెడ్లలో ఫ్యాబ్రికేషన్ చేసినవాణ్ణి, మధ్యలో కొన్నేళ్ళు రైడ్ల మెయింటెనెన్స్ కూడా చూశా. నాకు తెలిసింది చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

కోస్టర్‌కు ఇంజిన్ ఉండదు. పైకి లాగి వదిలేస్తారు, మిగతాది ఎత్తు చూసుకుంటుంది. 40 మీటర్ల నుంచి వదిలితే కాగితం మీద గంటకు 100 కిలోమీటర్లు, రాపిడి పోను కొంత తక్కువ. ఎత్తు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు కూడా రాదు. స్టీలు, పునాదుల ఖర్చు మాత్రం రెట్టింపును దాటిపోతుంది. అందుకే కుర్రోడి ఎత్తు పిచ్చి కంపెనీలకు గిట్టదు.

మనిషికి మజా ఎత్తులో లేదు, మలుపులో ఉంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో గుండ్రటి లూప్‌తో ఒకటి కట్టారు. అచ్చం గాజులాంటి వలయం. అందులోకి దూరగానే ఒక్కసారిగా బరువంతా మెడ మీద పడేది, జనం మెడలు పట్టేసేవి. 1976లో స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు లెక్కలతో, ష్వార్జ్‌కాఫ్ అనే ఆయన కాలిఫోర్నియాలో నీటిచుక్క ఆకారంలో లూప్ కట్టాడు. కింద వెడల్పు, పైన ఇరుకు. ఆ తర్వాతే తలకిందులు కావడం మామూలైంది. కిటుకు వేగంలో లేదు, ఎత్తులో లేదు, వంపు మార్చడంలో ఉంది.

ఇప్పుడు రీకాయిల్. అది డచ్ కంపెనీ వెకోమా వాళ్ళ బూమరాంగ్ నమూనా, 1984 నుంచి ఉంది, ప్రపంచమంతా పదుల సంఖ్యలో పెట్టారు. ఎందుకంటే కొద్ది స్థలంలో పడుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. రైలును వెనక్కి లాగి 35 మీటర్ల పైనుంచి వదులుతారు, మూడుసార్లు తిరగేస్తుంది, అటు చివర పైకి లాగి మళ్ళీ వదిలితే అదే దారిలో వెనక్కి ఇంకో మూడు. ఒక టికెట్‌కు ఆరు. ఇంత తెలివైన నమూనా ఇంకోటి లేదంటా నేను.

కానీ దానికొక గుణం ఉంది. వెళ్ళిన దారినే తిరిగి రావాలి కాబట్టి పట్టా మీద ఒక్క రైలే నడుస్తుంది. 28 సీట్లు. ఎక్కడం, బెల్టులు చూడటం, తిరగడం, దిగడం కలిపి మూడున్నర నిమిషాలు అనుకుంటే గంటకు 17 ట్రిప్పులు, 480 మంది. ఏడు గంటలు నడిపితే 3,300 చిల్లర. పదివేల మంది వచ్చిన రోజున ముగ్గురిలో ఒక్కడికే వంతు.

చుట్టూ తిరిగి వచ్చే పట్టా అయితే దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక ముక్కలో ఒక్క రైలే ఉండేలా బ్రేకులు పెడతారు, మన రైల్వే సిగ్నళ్ళ లాగానే. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి నింపొచ్చు. 32 సీట్ల రైళ్ళు రెండు, ఒకటిన్నర నిమిషానికి ఒకటి వదిలితే గంటకు 1,280 మంది. ఏడు గంటల్లో దాదాపు 9,000.

కాబట్టి పెద్దదా చిన్నదా అని కాదు, ఎన్ని రైళ్ళు అని అడగండి.

మల్కాజిగిరి_అమ్మ

ఫిట్టర్ గారూ, లూప్ కథ మా పెద్దాడికి చదివి వినిపించా, వాడు గాజు తీసుకుని ప్రయోగాలు చేస్తున్నాడు.

మా ఇంట్లో ఏడుగురం. పెద్ద కోస్టర్ ఎక్కేది ఇద్దరు. మిగతా ఐదుగురం కింద బ్యాగులు, చెప్పులు, కళ్ళజోళ్ళు కాస్తాం. మా అత్తగారికి మోకాళ్ళు, నాకు భయం, చిన్నపిల్లలకు ఎత్తు చాలదు. పోయిన ఏడాది వేరే రాష్ట్రంలో ఒక పార్కులో గంటకు పైగా లైన్లో నిలబడ్డాక, మా రెండోవాణ్ణి ఎత్తు కొలిచే కర్ర పక్కన నిలబెట్టి రెండు సెంటీమీటర్లు తక్కువన్నారు. రూలు రూలే, నేను కాదనను. కానీ ఆ కర్ర లైను మొదట్లో పెట్టొచ్చుగా? వాడి ఏడుపు హోటల్ దాకా ఆగలేదు.

మీరు కోట్లు మాట్లాడుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు జనం వచ్చేది నీళ్ళ కోసం. మధ్యాహ్నం రెండింటికి ఇనుప మెట్ల మీద లైనులో నిలబడి చూడండి. నీడ, తాగే నీళ్ళు, కూర్చునే చోటు, ముసలివాళ్ళకు ఒక ఏసీ గది. నా ఓటు వాటికి.

కూకట్‌పల్లి_కుర్రోడు

అక్కా, నీడ కోసం వెయ్యిన్నర పెట్టి ఎవరు పోతారు? మామిడి చెట్టు కింద కూర్చోవచ్చు.

మల్కాజిగిరి_అమ్మ

టికెట్ ఎవరు కొంటారు నాన్నా? నువ్వు ఒక్కడివి కొంటావు, నేను ఏడు కొంటాను.

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. 😄

ఫిట్టర్ గారి లెక్క బాగుంది, కానీ ఒక చేదు నిజం. లైను తగ్గితే, లైను తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఎవరు కొంటారు? పార్కులకు అదొక ఆదాయం. తొమ్మిది వేల మందిని ఎక్కించే యంత్రం కొని ఆ ఆదాయాన్ని తామే తగ్గించుకోవాలా?

ఇంకోటి, వండర్‌లా కొన్ని రైడ్లు తన వర్క్‌షాపులోనే చేసుకుంటుంది. విదేశీ కోస్టర్ ఒక్కటి కొనే డబ్బుతో అలాంటివి ఎన్నో వస్తాయి. విడిభాగం కోసం ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపులుండవు.

రిటైర్డ్_ఫిట్టర్

బాబాయ్ గారూ, లైన్లో గంట నిలబడ్డవాడు ఆ గంటలో ఏమీ కొనడు. చెగోడీల పొట్లం కూడా కొనడు. వాణ్ణి త్వరగా బయటికి తెస్తే ఆకలితో క్యాంటీన్‌కు పోతాడు. ఫాస్ట్‌ట్రాక్‌లో పోయిందానిలో కొంత అక్కడ తేలుతుంది. ఎంత అన్నది వాళ్ళ లెక్కల పుస్తకమే చెప్పాలి.

సొంత తయారీ మంచిదే. ఊయలలు, తిరిగే రైడ్లు, నీళ్ళ జారుడులు బ్రహ్మాండంగా చేయొచ్చు. కోస్టర్ పట్టా వేరే పని. మూడు దిక్కులా మెలి తిరిగే గొట్టాన్ని మిల్లీమీటర్ తేడా లేకుండా వంచాలి, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా తల గుద్దుకుంటుంది. దానికి అలవాటు పడ్డ చేతులు కావాలి.

భద్రత గురించి ఎవరూ ఎత్తలేదు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగి ఇద్దరు పోయారు. 2025 జనవరిలో మన నాంపల్లి నుమాయిష్‌లోనే ఒక రైడ్ జనాన్ని తలకిందులుగా పట్టుకుని ఆగిపోయింది. రెండూ కోస్టర్లు కావు. పొద్దున గేటు తెరవక ముందు పట్టా వెంట నడిచి బోల్టులు చూసే మనుషుల జీతాలు కూడా పెట్టుబడే. బడ్జెట్ కోసేటప్పుడు ముందు కత్తెర పడేది అక్కడే, ఎందుకంటే పోస్టర్ మీద వాళ్ళ బొమ్మ ఉండదు.

ఓఆర్ఆర్_పక్కనోడు

సరే, నా మాట కొంచెం మార్చుకుంటున్నా. కొంచెమే.

కాళ్ళు వేలాడే 80 కోట్లది ఇప్పుడే కావాలని పట్టుబట్టను. కానీ పదేళ్ళ పార్కుకు ఒక్క రైలు కోస్టర్ చాలదు, ఇది ఫిట్టర్ గారి లెక్కే చెప్తోంది. మధ్యరకం ఫ్యామిలీ కోస్టర్ ఒకటి, రెండు రైళ్ళు నడిచేది, తలకిందులు లేనిది, అక్క వాళ్ళ రెండోవాడు ఎక్కగలిగే ఎత్తు రూలుతో. లైను మీద పందిరి. అప్పుడు అక్క ఏడు టికెట్లకు ఐదుగురైనా ఎక్కుతారు. కొత్త ఊరి పార్కు ఒక్క ఏడాది వెనక్కి జరిగితే మదుపుదార్లు ఏం ఉరేసుకోరు.

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్

ఉరేసుకోరు, షేర్లు అమ్మేస్తారు. కానీ నీ మధ్యరకం కోస్టర్ ఖర్చు నా లెక్కలో సగానికి దిగితే లక్షన్నర కాస్తా డెబ్బై అయిదు వేలవుతుంది. అది నేను ఒప్పుకోదగ్గ సంఖ్యే. పందిరికి విడిగా సంతకం పెడతా.

కూకట్‌పల్లి_కుర్రోడు

తలకిందులు లేని కోస్టరా? దానికంటే మెహదీపట్నం నుంచి సిటీ బస్సు ఎక్కడం మేలు.

మల్కాజిగిరి_అమ్మ

ఫిట్టర్ గారూ, దసరా సెలవుల్లో మేం ఏదో ఒక పార్కుకు వెళ్తాం. మా పెద్దాడు స్టాప్‌వాచ్ తెస్తానంటున్నాడు, గంటకు ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెడతాడట. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

రిటైర్డ్_ఫిట్టర్

రైలు స్టేషన్ వదిలిన క్షణం నుంచి తర్వాతి రైలు వదిలే క్షణం దాకా. జనం దిగినప్పటి నుంచి కాదు. కనీసం పది ట్రిప్పులు చూడమనండి, ఖాళీగా పోయిన సీట్లు విడిగా రాయమనండి. మధ్యాహ్నం పన్నెండు దాటాక కూర్చుంటే మంచిది, పొద్దున లెక్క మోసం చేస్తుంది. టోపీ మరిచిపోవద్దు.