కోకో డి మేర్ లేత గుజ్జు తినడానికి ఎక్కడైనా దొరుకుతుందా?

శ్రావ్య_కె:
వచ్చే నెల సీషెల్స్ వెళ్తున్నాం, ప్రాలిన్ దీవి కూడా ప్లాన్‌లో ఉంది. అక్కడి కోకో డి మేర్ కాయ లేతగా ఉన్నప్పుడు లోపలి గుజ్జు తింటారట కదా, హోటల్లో అడిగితే పెడతారా? అలాగే ఒక గింజ తెచ్చి పెరట్లో పాతితే మొలుస్తుందా?

వనమాలి:
తింటారన్నది నిజమే గానీ మీకు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ చెట్టు సహజంగా పెరిగేదే ప్రాలిన్, క్యూరియూజ్ దీవుల్లో, పైగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. కాయ ముదరడానికి ఆరేడేళ్లు పడుతుంది, గుజ్జు జెల్లీలా ఉండేది ఏడాది వయసు దగ్గరే, తర్వాత కత్తి దిగనంత గట్టిపడుతుంది. అంటే నాలుగు చెంచాల గుజ్జు కోసం ఇంకా ఐదారేళ్లు చెట్టున ఉండాల్సిన కాయని కోసెయ్యాలి! మన తాటిచెట్టు, ఇదీ ఒకే తెగ, ఆ గుజ్జు కూడా అచ్చం ముంజలాగే ఉంటుంది. ముంజలు తిని సరిపెట్టుకోండి 🙂

మట్టివాసన:
గింజ సంగతి నేను చెప్తాను. ప్రపంచంలోకెల్లా పెద్ద గింజ, 20 కిలోలు దాటినవి కూడా ఉంటాయి. మొలక నేరుగా పైకి రాదు, ముందు తాడులాంటి కాడ ఒకటి గింజలోంచి బయటికొచ్చి మట్టిలో మీటర్ల కొద్దీ పాక్కుంటూ వెళ్లి, ఎక్కడో దూరంగా మొదటి ఆకు వేస్తుంది. కాబట్టి కుండీలో పని జరగదు. ఆడ, మగ చెట్లు వేరు, కాపుకి రావడానికి ఇరవై ఏళ్ల పైమాటే. మీ మనవలకి పనికొస్తుందేమో.

రవి_తోట:
హోటల్లో మిలియనీర్స్ సలాడ్ అని కనిపిస్తే అది వేరే తాటిజాతి చెట్టు మొవ్వు. డెకెనియా అని, అదీ సీషెల్స్‌లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మొవ్వు కోస్తే చెట్టు చచ్చిపోతుంది, ఎందుకంటే దానికి ఎదుగుదల మొత్తం ఆ ఒక్క చోటే. నేనైతే ఆర్డర్ చెయ్యను, మీ ఇష్టం.

శ్రావ్య_కె:
అయ్యో, ఇంత కథ ఉందా! పోనీ ఖాళీ చిప్ప కొనుక్కోవచ్చా?

వనమాలి:
కొనుక్కోవచ్చండి, లోపలి గుజ్జు తీసేసి అమ్ముతారు. కాకపోతే ప్రభుత్వ అనుమతి ఉన్న చోటే కొని, ట్యాగు, ఎగుమతి పర్మిట్ కాగితం చేతికి తీసుకోండి. దొంగతనంగా కోసేవాళ్ల బెడద ఎక్కువ కాబట్టి 1978 నుంచే దీనికంటూ ప్రత్యేక చట్టం ఉంది. కాగితం లేకపోతే ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు. బరువు కూడా చూసుకోండి, ఖాళీదైనా లగేజీలో బాగానే తూగుతుంది.