మామిడి పాదుల్లో కల్తార్ పోయించాలా, వద్దా?

సబ్బవరం తోట:
మాకు సబ్బవరం దగ్గర మామిడి తోట ఉంది. బంగినపల్లి, సువర్ణరేఖ కలిపి. చాలా చెట్లు 2014 హుద్‌హుద్‌లో కూలిపోతే మళ్లీ నాటినవి. కౌలుకు తీసుకున్నాయన పూత కోసం పాదుల్లో కల్తార్ అనే మందు పోస్తానంటున్నాడు. వద్దంటే కౌలు తగ్గించమంటున్నాడు. ఏం చేయమంటారు?

పెందుర్తి రైతు:
ఒప్పుకోకండి. అది విషం. నాలుగు కాపులకే చెట్టు మోడైపోతుంది.

బోటనీ మాస్టారు, ఎంవీపీ కాలనీ:
విషం అనేస్తే ఎలాగండీ? కల్తార్‌లో ఉండేది పాక్లోబ్యూట్రజోల్. చెట్టు తనలో తాను తయారుచేసుకునే గిబ్బరెల్లిన్ హార్మోన్‌కు అది అడ్డం పడుతుంది. అంతే దాని పని.

మొక్క కణాల్లో డెల్లా అనే ప్రోటీన్లుంటాయి. ఎదుగుదలకు అవే బ్రేకు. గిబ్బరెల్లిన్ వచ్చి కణంలో తనను అందుకునే ప్రోటీన్‌కు, అంటే గ్రాహకానికి, అతుక్కోగానే ఆ రెండూ కలిసి డెల్లాను పట్టుకుంటాయి, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. బ్రేకు పోతే కాండం సాగుతుంది. 1926లో తైవాన్‌లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా గమనించింది ఇదే: బూజు సోకిన వరినారు సన్నగా, పొడుగ్గా ఎదుగుతోంది, కారణం ఆ బూజు వదిలే పదార్థం. దానికే తర్వాత గిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. 1966లో వచ్చిన ఐఆర్8 వరి పొట్టిగా ఉండడానికి కారణం కూడా గిబ్బరెల్లిన్ తయారీ జన్యువులో ఉన్న లోపమే. ఆ అన్నం తిని పెరిగినవాళ్లమే మనమంతా!

మామిడిలో గిబ్బరెల్లిన్ ఎక్కువైతే చిగుళ్లు వస్తాయి గానీ పూత రాదు. తగ్గిస్తే పూతకు దారి దొరుకుతుంది.

కౌలు రైతు, ఆనందపురం:
మాస్టారు సరిగ్గా చెప్పారు. ఏడాది విడిచి ఏడాది కాసే చెట్టుకు ప్రతి ఏడూ కౌలు కట్టేది మేము. నాలుగు కాయలు ముందుగా మార్కెట్‌కొస్తేనే మాకు గిట్టుబాటు.

పెందుర్తి రైతు:
గిట్టుబాటు నీకు అన్నా, చెట్టు ఆయనది. మోతాదు మించిన చెట్టును దగ్గర్నుంచి చూడండి: చిగురు గిడసబారి, ఆకులన్నీ ఒకేచోట కుచ్చులా పేరుకుని, పూత గుత్తి సాగకుండా ముద్దగా ఉంటుంది. ఆ ముద్దలోకి పిచికారీ చేసే మందు కూడా సరిగ్గా దిగదు.

బోటనీ మాస్టారు, ఎంవీపీ కాలనీ:
అది నిజమే, కాదనను. పైగా ఈ కల్తార్ మట్టిలో త్వరగా పోదు, ఏడాది దాటినా మిగులుతుంది. కౌలుదారు మారినప్పుడల్లా పాతది ఉండగానే కొత్తది పడుతుంది. నా అభ్యంతరం మందు మీద కాదు, లెక్క లేకపోవడం మీద. లేత చెట్లకు, నీరసించిన చెట్లకు అసలు పోయకూడదు. మిగతావాటికి కొమ్మల విస్తీర్ణాన్ని బట్టి కొలిచి పోయాలి. ఏ చెట్టుకు ఎప్పుడు ఎంత పోశారో కౌలు కాగితంలోనే రాయించుకోండి.

సబ్బవరం తోట:
మా చెట్లలో సగం చిన్నవే మాస్టారూ. వాటిని వదిలేస్తేనే సంతకం పెడతాను.

పెందుర్తి రైతు:
కాగితం మీద సంతకం సరే. పోసే రోజు పాదు దగ్గర మీరుంటారా?