అప్‌డేట్: జోన్స్ దీవికి వెళ్తుంటే కయాక్ పక్కకి కొట్టుకుపోవడం, కారణం దొరికింది

అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ఆర్కస్ దీవిలోని డీర్ హార్బర్ నుంచి కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి పడవలో) బయల్దేరి, ఎదురుగా కనబడే జోన్స్ దీవికి చేరలేక పక్కకి కొట్టుకుపోయి తిరిగొచ్చామని అడిగాను కదా. మొన్న శనివారం చేరాం! సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

చుక్కానిలో లోపమేమో అనుకున్నా, అదేమీ లేదు, షాపులో చూపిస్తే బాగానే ఉందన్నారు. నా పొరపాటల్లా పోటు సమయాలు చూసి బయల్దేరడం. పోటు నిండిన వేళకే ప్రవాహం ఆగాలని లేదు, ఆ ఇరుకు జలసంధుల్లో రెండింటి సమయాలూ వేరు. మీలో ఒకరు చెప్పినట్టు నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల నీటి ప్రవాహాల పట్టిక చూసి, నీరు నిలకడగా ఉన్నప్పుడు ఈ రెండు దీవుల మధ్య ఉన్న స్ప్రింగ్ పాసేజ్ జలసంధి దాటాం. తెడ్డు నుంచి జారిన చుక్క నీళ్లమీద గుండ్రంగా విచ్చుకోవడం కనిపించింది, అంత ప్రశాంతం.

దీవిలో మనుషులుండరు కానీ తిండి ఎత్తుకుపోయే రకూన్లనే చిన్న జంతువులుంటాయి. తిండి గట్టి మూత డబ్బాల్లోనే పెట్టుకోండి.