జపాన్ స్క్రూ మీద జారిపోతున్న స్టార్ స్క్రూడ్రైవర్: కొన ఆకురాయితో రాసి వాడొచ్చా?

బెంగళూరులో ఉంటాను. పాత టూ-స్ట్రోక్ బండి కార్బురేటర్ శుభ్రం చేద్దామని విప్పాను. అది జపాన్‌లో తయారైనది. అడుగు గిన్నెకు నాలుగు ఎం4 (4 మి.మీ. మందం) స్క్రూలున్నాయి. మూడు వచ్చేశాయి, నాలుగోది కదలదు. దాని గాడి దాదాపు సగం అరిగిపోయింది.

తప్పు నాదే. మామూలు పీహెచ్2 (ఫిలిప్స్ రకం, 2వ సైజు) స్టార్ స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పాను, రెండుసార్లు జారింది. తర్వాత చూస్తే స్క్రూ తల మీద ప్లస్ గుర్తు పక్కన చిన్న చుక్క ఉంది. అంటే జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చూడ్డానికి ఫిలిప్స్ లాగే ఉంటుంది గానీ, ఫిలిప్స్ కొన ఇందులో పూర్తిగా దిగకముందే అడుక్కి తగిలి ఆగిపోతుంది, అందుకే జారుతుంది.

ఇప్పటిదాకా చేసినవి: తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచాను. మధ్యలో రబ్బరు బ్యాండు పెట్టి తిప్పాను. స్క్రూడ్రైవర్ వెనక సుత్తితో నాలుగు దెబ్బలు కూడా వేశాను. ఏదీ పని చేయలేదు. ఇక్కడ పనిముట్లు అమ్మే ఎస్పీ రోడ్డులో మూడు షాపులు తిరిగాను. జేఐఎస్ అనగానే "స్టారే కదా సార్" అని మళ్లీ పీహెచ్2 చేతిలో పెట్టారు! మెకానిక్ డ్రిల్ చేద్దామంటున్నాడు. గిన్నె అల్యూమినియంది, స్క్రూ బిగిసే మర (థ్రెడ్) పాడవుతుందని నా టెన్షన్.

పీహెచ్2 బిట్ కొనను కొద్దిగా ఆకురాయితో రాస్తే జేఐఎస్ గాడిలో బాగా దిగుతుందంటారు. సగం అరిగిన స్క్రూ మీద ఇలా చేసి విప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎంత మేర రాయాలి?