‘అయిపోయినట్టే’ అంటే ఎంత అయినట్టు?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి పెంకుటింటి వెనక స్లాబు వేసి వంటిల్లు, స్నానాలగది కట్టిస్తున్నాం. సామాను మాది, లేబరు కాంట్రాక్టు మేస్త్రి గారిది. పని బాగానే చేస్తున్నారు. చిక్కల్లా మాటతోనే. ‘టైల్స్ అయిపోయాయాండీ?’ అంటే ‘ఆయ్, అయిపోయినట్టేనండి’ అంటారు. ఆ మాట పట్టుకుని వడ్రంగికి కబురు పెట్టాను. ఆయన తలుపు ఆటోలో వేసుకుని వచ్చేసరికి గడప దగ్గర ఇంకా ఇసకే. ఆ రోజు ఆయన కూలి నా నెత్తినే పడింది. ఇంతకీ ఈ ‘నట్టే’ ఏం చెబుతున్నట్టు?

జవాబు, పాలకొల్లు నుంచి:
‘వచ్చినట్టుంది’ అంటే వచ్చాడేమోనని ఊహ. ‘వచ్చినట్టే’ అంటే వచ్చాడనుకోవచ్చు అని. ఇంకా రాలేదన్న ఒప్పుకోలు ఆ మాటలోనే ఉంది. నిజంగా వచ్చేసినవాణ్ణి ‘వచ్చినట్టే’ అని ఎవరంటారు? మీ మేస్త్రి గారు అబద్ధం చెప్పలేదండీ, చివర ఏకారం మీరు వినిపించుకోలేదు.

జవాబు, భీమవరం నుంచి:
మావైపు ‘వచ్చేశానండి, లాకుల దగ్గరున్నా’ అంటే చొక్కా వెతుక్కుంటున్నాడని అర్థం. అది అలా ఉంచి, క్రియ చివర చేరే ‘పోవు’, ‘వేయు’ తేడా చూడండి. ‘చేసేశాను’లో చేసినవాడు కనిపిస్తాడు. ‘అయిపోయింది’లో పని దానంతటదే జరిగినట్టుంటుంది. అందుకే ‘పైపు పగిలిపోయిందండి’ అంటారు గానీ, ‘పగలగొట్టేశాను’ అని నా ఇల్లు కట్టినన్నాళ్ళూ ఒక్కరూ అనలేదు.

జవాబు, అమలాపురం నుంచి (సివిల్ ఇంజనీరుని):
వ్యాకరణం బాగుంది. స్లాబు దగ్గర మాత్రం ‘నట్టే’ని రానివ్వకండి. పైన చిన్న గట్లు వేసి, వరిమడిలా నీళ్ళు నిలబెట్టి తడపాలి. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకి 10 రోజులు, మండుటెండలైతే ఇంకా ఎక్కువ. మూడో రోజుకే ‘తడిపినట్టేనండి’ అంటే ఒప్పుకోవద్దు. వేసిన తారీఖు గోడ మీద బొగ్గుతో రాసిపెట్టండి, ఇక ఎన్ని రోజులైందని ఎవరూ వాదించుకోనక్కర్లేదు. డబ్బు కూడా రోజులు లెక్కపెట్టి కాకుండా కంటికి కనబడే పనికి ఇవ్వండి: గోడలు లేచాక ఇంత, స్లాబు పడ్డాక ఇంత, ప్లాస్టరింగ్‌కి ఇంత. ఆఖరి విడత మాత్రం తలుపులు పడి, కుళాయి తిప్పి చూసుకున్నాకే.

జవాబు, తణుకు నుంచి:
మా నాన్న తాపీ మేస్త్రి. మీరంతా మేస్త్రి మాటే పట్టుకున్నారు, ఇంటివాళ్ళ మాట ఒకటుంది: ‘పనిలో పనిగా’. ‘పనిలో పనిగా ఆ తులసికోట చుట్టూ అరుగు కూడా కట్టేయండి మేస్త్రి గారూ.’ వినడానికి ఎంత చిన్నగా ఉందో! గుత్తకి ఒప్పుకున్న పనికి అదొక రోజు, ఇద్దరు కూలీలు. డబ్బు అడిగితే ‘ఇంత చిన్న పనికా?’ అంటారు. అడగకపోతే ఆ రోజు కూలి మా ఇంట్లోంచే వెళ్ళాలి. అలా నాలుగు ‘పనిలో పనిగా’లు పడ్డాయంటే, అసలు పని ‘అయిపోయినట్టే’ దగ్గర ఆగిపోతుంది. మా నాన్న పదేళ్ళుగా ఓ నోటు పుస్తకం పెట్టుకున్నారు. కొత్తగా ఏం చెప్పినా అందులో రాసి, పక్కన రేటు వేసి, ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టిస్తారు. మొదట్లో కొందరు మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు వాళ్ళే పుస్తకం తెమ్మంటున్నారు.

మొదట అడిగినావిడ:
తణుకు వారి మాట గుచ్చుకుంది. అరుగు కాదు గానీ, పెరట్లో అంట్లు తోముకునే చప్టా మేమూ ‘పనిలో పనిగా’ అడిగాం. ఇవాళ దానికి విడిగా లెక్క కట్టి ఇచ్చాను. ‘అయిందా?’ అనడం మానేసి, ‘ఇంకా ఏం మిగిలిందండీ?’ అని అడిగాను. మేస్త్రి గారు వేళ్ళు మడిచి చెప్పారు: గడప దగ్గర రెండు టైల్స్, సింకు కింద పైపు, కిటికీ చుట్టూ పూత, పెరట్లో రద్దు మట్టి ఎత్తించడం. ఎల్లుండి సాయంత్రానికట.

‘చెప్పేను కదండీ అమ్మగారూ, అయిపోయినట్టేనని.’